గడ్డపార పక్కన టిఫిన్ క్యారేజీ

మేము ఉదయగిరి బయల్దేరింది చెక్క గరిటెల కోసం. మా ఇంట్లో కొత్త నాన్‌స్టిక్ పెనం మీద నేను స్టీలు అట్లకాడ వాడానని మా ఆవిడ భారతి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది. ఉదయగిరిలో కొండ కర్రతో చేసిన గరిటెలు దొరుకుతాయని, అవి పెనాన్ని గీరవని, వెళ్ళి తెచ్చుకుందామని అంది. కాకినాడ నుంచి నెల్లూరు జిల్లా పడమటి కొసకి గరిటెల కోసం వెళ్ళేవాళ్ళు ఉంటారా అని మీరడగొచ్చు. రిటైరైనవాళ్ళు ఉంటారు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. అందుకని భారతి ఒక షరతు పెట్టింది. దారిలో ఎక్కడా తలుపులు లెక్కపెట్టకూడదు. ఈ షరతుకి కారణం ఉంది. వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళిలో కల్యాణ మండపానికి వెనక దారి లేదని ఓనరుతో నేను వాదన పెట్టుకుంటే, ఆ వాదన తేలేసరికి మూడో బంతి కూడా లేచిపోయింది. మాకు పులిహోర, పెరుగు మిగిలాయి. సరేనని ఒప్పుకున్నాను.

ఆత్మకూరుకి ఇవతల

బుధవారం పదకొండు గంటలకి, ఆత్మకూరు ఇంకా కొంత దూరం ఉందనగా బస్సు పంచరయింది. డ్రైవరు దిగి చూసి, "స్టెప్నీ ఉండాది, జాకీ లేదు" అన్నాడు. ఇంకో బస్సు జాకీ తెచ్చేదాకా ఆగాలి. మా వైపు అయితే ఈ మాటకి పదిమంది దిగి పది సలహాలు ఇచ్చేవారు. ఇక్కడ ఒకాయన "ఎప్పుడుండాది గనక" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

రోడ్డు పక్కన కొత్తగా కట్టిన పెద్ద రేకుల షెడ్డు ఒకటి ఉంది. లోపల నుంచి కుట్టుమిషన్ల మోత. నీడ షెడ్డు వెనక మాత్రమే ఉంటే అటు వెళ్ళాం. అక్కడ గోనెపట్టా మీద కాళ్ళు చాపుకుని ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. చీర మీద కంపెనీ వాళ్ళ నీలం కోటు తొడుక్కుంది. ఒక పక్కన టిఫిన్ క్యారేజీ, రెండో పక్కన గడ్డపార.

"కూర్చోండి. ఒంటిగంట దాకా ఈడ నీడ ఉంటాది. ఆ తర్వాత అటు పక్కకి పోవాల" అంది. ఏ గంటకి ఎక్కడ నీడో అంత కచ్చితంగా ఎలా తెలుసని భారతి అడిగింది.

"మూడు రోజుల నుంచి ఈడనే కదమ్మా ఉండేది."

ఆవిడ వీపు వెనక ఇనప తలుపు. దానికి నా అరచేయంత తాళం. భారతి నా మొహం చూసింది. నేను ఆకాశం చూశాను. మబ్బు లేదు.

ఆవిడ పేరు పెంచలమ్మ. మర్రిపాడు అవతల పల్లె. ఆ షెడ్డులో ప్యాంట్లకి ఎడమ జేబు కుట్టడం ఆవిడ పని. కూతురు పద్మ కూడా అక్కడే, చివరి వరసలో, ఈ వెనక గోడకి ఆనుకుని కూర్చుని నడుం పట్టీలు కుడుతుంది. ఈ పక్కకి కార్ఖానా అనేది కొత్త. వచ్చి రెండేళ్ళయింది. మొదట్లో తాగేనీళ్ళ కుండ కూడా లేదు. అది అడిగి పెట్టించుకున్నారు. బాత్రూముకి పూటకి ఒక్కసారే పోవాలంటే పోట్లాడి రెండుసార్లు చేయించుకున్నారు. వానకీ ఎండకీ సంబంధం లేకుండా నెలనెలా జీతం వచ్చే పని ఆ పల్లెలో తల్లీకూతుళ్ళకి ఇదొక్కటే. పోయిన నెల ప్యాంట్లు దొంగతనం పోతున్నాయని వెనక తలుపుకి ఈ తాళం వేశారు. ఇక అందరికీ దారి ముందున్న షట్టరొక్కటే.

"మా గొర్రెల దొడ్డికే రెండు దోవలుండాయి, మనుషులకి ఒకటేందని మేనేజర్ని అడిగినా. నవ్వినాడు. తాళం తీసిందాకా లోపలికి రానని చెప్పి సోమవారం నుంచి ఈడ కూర్చున్నా."

"స్ట్రైకా?" అన్నాను.

"స్ట్రైకంటే జెండా కావాల గదా సారూ. నా దగ్గర గడ్డపారే ఉండాది."

"గడ్డపార ఎందుకు?"

నావైపు జాలిగా చూసింది. "లోపల ఏమన్నా అయితే ఆ తాళం గోళ్ళతో పగలగొట్టేదా?"

రోజూ ఎనిమిదింటికి కంపెనీ వ్యానులోనే వస్తుంది. సాయంత్రం దాకా కూర్చుని అదే వ్యానులో పోతుంది. పని చెయ్యదు, గొడవా చెయ్యదు. ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలో కంపెనీ రూల్సులో ఎక్కడా రాసిలేదట. చివరికి శనివారం మధ్యాహ్నంలోగా లోపలికి రాకపోతే పేరు కొట్టేస్తామన్నారు. కొడితే తల్లి పేరుతోపాటు కూతురిది కూడా కొడతారని పద్మ భయం.

క్యారేజీ విప్పి మాకు సంగటి, శెనక్కాయల పచ్చడి పెట్టింది. వద్దంటే, "పని లేకుండా కూర్చుంటే నాకూ ఆకలి కాలేదులే" అంది. పచ్చడి కారానికి నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ఈలోగా జాకీ వచ్చింది.

ఆత్మకూరు

ఉదయగిరి బస్సు తప్పిపోయి ఆ రాత్రికి ఆత్మకూరులో ఆగి, సాయంత్రం కారం దోశ తిన్నాం. నలభై రూపాయలు. మా వైపు కారం దోశ అంటే దోశ మీద కారం ఉంటుంది. ఇక్కడ కారం కింద దోశ ఉంటుంది. భారతి దోశ సగం తిని, "ఆ పిల్ల చివరి వరసలో కూర్చుంటుందటండీ" అంది.

"తలుపులు లెక్కపెట్టొద్దన్నావుగా."

"లెక్కపెట్టొద్దన్నాను. గుడ్డివాళ్ళయిపొమ్మనలేదు."

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. నా ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో తాళం వేసిన వెనక తలుపు నేను ఒక్కటి కూడా చూడలేదు. నేను వస్తున్నానని వాళ్ళకి ముందురోజే తెలిసేది. నేను వెళ్ళేసరికి తలుపు బార్లా తీసి, గడపకి పసుపు కూడా రాసి ఉంచేవారు. చూసేవాణ్ణి, సంతకం పెట్టేవాణ్ణి, కొబ్బరినీళ్ళు తాగేవాణ్ణి.

రాత్రి భోజనానికి మెస్సుకి వెళితే బల్లలు ఖాళీ లేవు. కంపెనీ బ్యాడ్జీ మెడలో వేసుకున్న ఒకతను జరిగి చోటిచ్చాడు. ఆ షెడ్డు మేనేజరే. పేరు సుధాకర్, బాపట్ల వైపు మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. చుట్టూ అందరూ మామిడికాయ చేపల పులుసు జుర్రుకుంటుంటే అతను మజ్జిగన్నం తింటున్నాడు, కడుపులో మంటట. నేను ఏం చేసేవాణ్ణో భారతి చెప్పేసింది. షరతు పెట్టిన మనిషే.

"తాళంచెవి ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది సార్" అన్నాడు సుధాకర్.

"మీరు భోంచెయ్యడానికి వెళితే?"

"అప్పుడు కూడా నా దగ్గరే సార్."

"అంటే అది కూడా భోజనానికి వస్తుంది."

అతను మంచినీళ్ళు తాగాడు. లోపల మనుషులు పని చేస్తున్నంతసేపూ తలుపు తాళంచెవి లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలని చట్టంలో ఉందన్నాను. "తెలుసు సార్. ఇన్‌స్పెక్షన్ రోజు తీసేస్తాం కదా" అన్నాడు. నన్ను ఎత్తిపొడవాలని అనలేదు, మామూలుగానే అన్నాడు. నాకు చేపల పులుసు మింగుడుపడలేదు. ముల్లు కాదు.

అతని బాధ కూడా ఉంది. తలుపు తీసి ఉంచితే ప్యాంట్లు పోతాయి, ప్యాంట్లు పోతే అతని ఉద్యోగం పోతుంది. "దొంగతనం జరక్కుండా, తాళం లేకుండా ఏదైనా ఉపాయం ఉంటే చెప్పండి సార్. శనివారమే తీసేస్తా. ఆవిడ అలా గడ్డపార పెట్టుకుని కూర్చుంటే నాకు నిద్ర పట్టట్లేదు."

మర్రిపాడు

గురువారం సాయంత్రం సుధాకర్ని అడిగి కంపెనీ వ్యానులో పెంచలమ్మ వాళ్ళ పల్లెకి వెళ్ళాం. దొడ్డికి రెండు దారులంటే ఏమిటో చూడాలని నాకు పట్టుకుంది. వ్యాను డ్రైవరు గడ్డపారని సీటు కింద పెట్టిస్తాడు. మొదటి రోజు పైన పెడితే బ్రేకు వేసినప్పుడు జారి అతని చెవి పక్కగా వెళ్ళిందట.

పద్మ తల్లి పక్కన కాకుండా, వెనక సీట్లో కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. భారతి పక్కన చేరితే గొంతు తగ్గించి, "అందురూ మా అమ్మకి పిచ్చంటా ఉండారు ఆంటీ. మిషను తొక్కేటప్పుడు గొర్రె మాదిరి అరిచి నవ్వతారు" అంది. ముందు సీట్లో పెంచలమ్మకి అది వినబడింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పల్లె చివర మెట్టలో దొడ్డి. చుట్టూ ముళ్ళకంపతో కట్టిన దడి. ముందు గొర్రెలు వచ్చిపోయే దారి. వెనక దడిలో ఒకచోట కంప మోపు ఒకటి అడ్డంగా కుక్కి ఉంది, దానికొక తాడు, తాడుకి పాత ఇత్తడి గంట. తాడు లాగితే మోపు ఊడి దారి పడుతుంది. గంట మోగకుండా లాగడం ఎవరివల్లా కాదు. నేను లాగి చూశాను. గంట మోగింది, నా చొక్కా చిరిగింది, పెంచలమ్మ భర్త మాలకొండయ్య వచ్చి మోపుని మళ్ళీ కుక్కాడు. ఆయన ఆ సాయంత్రం అన్న మాట ఒక్కటే. "కంప పట్టుకోకూడదు. తాడు పట్టుకోవాల."

ఆ రెండో దారి ఎందుకో పెంచలమ్మ రాగిమజ్జిగ తాగుతూ చెప్పింది.

"నాకు పదేండ్లప్పుడు మా నాయన దొడ్డికి ఒకటే దోవ. ఎవురో బీడీ పారేసినారు, కంప అంటుకున్నింది. మంట ఒక మూలనే సారూ. ఆ మంటకి చచ్చినవి మూడే. మిగతాయన్నీ దోవకాడ చచ్చినాయి. ఒకటి పడింది, దాని మీద ఇంగోటి, దాని మీద ఇంగోటి. మా నాయన పైవాటిని ఈడ్చేకొద్దీ కింద ఇంకా ఉండాయి. ఒంటి మీద కాలిన మచ్చ కూడా లేదు వాటికి. ఆ పొద్దు నుంచి మా ఇంట్లో రెండు దోవలు లేకుండా దొడ్డి కట్టలా."

మజ్జిగ గ్లాసు కింద పెట్టి మళ్ళీ అంది. "గొర్రెకి బుద్ధి లేదంటారు. ఆడుంటే మనిషైనా అదే చేస్తాడు."

భారతి కళ్ళు తుడుచుకుంది. మజ్జిగ కారంగా ఉందంది. మజ్జిగలో కారం లేదు. బద్వేలు నుంచి వస్తున్న ఉల్లిపాయల లారీ ఎక్కి ఆత్మకూరు చేరాం.

అనుమసముద్రంపేట

శుక్రవారం ఉదయగిరి వెళుతూ దర్గా దగ్గర దిగాం. జనం చాలా ఉన్నారు. దణ్ణం పెట్టుకుని బయటికొచ్చేసరికి నా చెప్పులు లేవు. పక్క దుకాణంలో కొత్తవి కొంటుంటే దుకాణదారు, "పాతయి పొయినాయంటే దరిద్రం పొయినట్టే, మంచిదే సార్" అన్నాడు. అతను అమ్మేది చెప్పులు కాబట్టి ఆ మాట నేను పూర్తిగా నమ్మలేదు. ఏం మొక్కుకున్నావని భారతిని అడిగితే, "పెనం గురించి కాదు" అంది.

ఉదయగిరి

ఉదయగిరిలో చూడాల్సింది కొండమీది దుర్గం అంటారు. కింద నుంచి చూశాం. బాగుంది.

గరిటెలు చేసే వీధిలో హుసేన్‌బీ అనే పెద్దావిడ ఇంటి వసారాలో కూర్చున్నాం. కర్రని పాదాల మధ్య బిగించి, చేత్తో బాడిస పట్టి చెక్కుతుంది. వేళ్ళ కణుపులన్నీ కాయలు కాశాయి. యాభై ఏళ్ళ నుంచి ఇదే పని. మధ్యలో కొన్నాళ్ళు మిషన్లున్న షెడ్డుకి వెళ్ళి చేసిందట. మిషను మీద గరిటెలు గబగబా అవుతాయి గానీ, కర్రపొట్టు అంతా ముక్కులోకి పోయి దగ్గు పట్టుకుందని మళ్ళీ ఇంటికి వచ్చేసింది.

"ఈడైతే గాలి వస్తాది పోతాది. రెండు తలుపులూ తీసి పెట్టుకుంటా. ఆడ కిటికీ తియ్యమంటే పొట్టు రోడ్డు మీదకి పోతాదనేవోళ్ళు. రోడ్డు కంటే నా ముక్కు చవకనా?" అంది.

భారతి పది గరిటెలు ఏరింది. చిన్నవి యాభై, పెద్దవి నూట ఇరవై. బేరం ఆడబోయి, ఆవిడ వేళ్ళు చూసి మానేసింది. నేను పెంచలమ్మ సంగతంతా చెప్పి, తలుపుకి లోపలి వైపు బిగించే గడియ ఒకటి చెక్కివ్వగలరా అని అడిగాను. బయట నుంచి ఎవరికీ తియ్యడానికి రాకూడదు, లోపల నుంచి అరచేత్తో ఒక్కటి కొడితే తెరుచుకోవాలి. హుసేన్‌బీ లేచి, లోపల దాచిపెట్టుకున్న గట్టికర్ర ముక్క తెచ్చింది.

రెండు గంటలు పట్టింది. పని చక్కగా ఉంది గానీ, యాభై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. గడియ పిడికి చేప ఆకారం, చేపకి పొలుసులు, తోక మీద చిన్న పువ్వు. నేను చాలా ఫ్యాక్టరీలు చూశాను, ఇంత అందమైన గడియ ఏ వెనక తలుపుకీ చూడలేదు. ఎంతివ్వమంటారంటే, "గరిటెలకి ఇచ్చినావు గదా. ఆ ఆడబిడ్డని లోపలికి పొయ్యి పని చేసుకోమను" అంది.

మళ్ళీ ఆత్మకూరు

శనివారం పదింటికి షెడ్డు దగ్గర దిగాం. పెంచలమ్మ గోనెపట్టా మీదే ఉంది. క్యారేజీ, గడ్డపార. ఈసారి దొడ్డి గంట కూడా తెచ్చింది. గురువారం లారీ ఎక్కేముందు నేనే తెమ్మన్నాను. తలుపుకి ఇది కడితే ఎవరు తీసినా షెడ్డంతా వినబడుతుంది, ప్యాంట్లు దొంగచాటుగా పోవడం కుదరదు.

సుధాకర్ చేప గడియని అటూ ఇటూ తిప్పి చూశాడు. పైవాళ్ళని అడిగారా అంటే, "అడిగితే వద్దంటారు సార్, అందుకని అడగలేదు" అన్నాడు. నేను ఇప్పటిదాకా మేనేజర్ల నోట విన్న మంచి మాటల్లో అదొకటి. తాళం తీశారు. వ్యాను డ్రైవరు గడియ బిగించాడు, గంట కట్టాడు. అరచేత్తో కొడితే తలుపు తెరుచుకుంది, గంట మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు దులుపుకున్నాను. అలవాటు కొద్దీ సంతకం పెట్టడానికి జేబులో పెన్ను కూడా వెతుక్కున్నాను.

పెంచలమ్మ లేవలేదు.

"తలుపుంటే సరిపోయినట్టేనా? గొర్రెలకి కూడా నాలుగు పొద్దులు అలవాటు చెయ్యాల" అంది.

సరే, చూద్దామన్నాం. "మధ్య వరస దగ్గర మంట అంటుకుందనుకోండి, నేను ఈల వేస్తాను, అందరూ బయటికి రావాలి, వెనక తలుపు తీసే ఉంది" అని సుధాకర్ గట్టిగా రెండుసార్లు చెప్పాడు. ఎనభై మంది తల ఊపారు. ఈల వేశాడు.

ఎనభై మందీ ముందున్న షట్టరు దగ్గరికి పరిగెత్తారు.

రెండేళ్ళ నుంచి వచ్చిపోయేది అటే కదా. చివరి వరసవాళ్ళు, తెరిచిన తలుపు వీపుకి తగులుతున్నవాళ్ళు, దాన్ని వదిలేసి షెడ్డు ఆ కొస నుంచి ఈ కొసకి ఉరికారు. సుధాకర్ అందరికంటే ముందున్నాడు. మొదట నవ్వులు. షట్టరు దగ్గర ఒకమ్మాయి చెప్పు జారి పడింది. ఆమె మీద ఇంకొకామె పడింది. నవ్వులు ఆగిపోయాయి. వెనకవాళ్ళకి అది తెలియక ఇంకా తోస్తున్నారు. నేను వాచీ చూసుకోవాల్సినవాణ్ణి, నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఉత్తుత్తి మంటే. తోపులాట మాత్రం నిజం.

అప్పుడు గంట మోగింది. పెంచలమ్మ వెనక తలుపులో నిలబడి, గంట తాడు పట్టి ఊపుతూ, మెట్టలో మందని మళ్ళించే కేక వేసింది. ఆ కేక రాయడం నా వల్ల కాదు. గుంపు చివరనున్న పద్మ ఆ కేక వినగానే వెనక్కి తిరిగింది. వారం రోజులుగా ఆ తల్లి కూతుర్నని చెప్పుకోవడానికి సిగ్గుపడిన పిల్ల, "ఇటు! మా అమ్మ తట్టు రాండి!" అని అరిచి, పక్కనున్న ఇద్దరి చేతులు పట్టి లాక్కుంటూ పరిగెత్తింది. వాళ్ళ వెనక మిగతావాళ్ళు. షట్టరు దగ్గర పడ్డవాళ్ళు లేవగలిగారు. పద్మ గడప దాటగానే పెంచలమ్మ తాడు వదిలేసి కూతుర్ని రెండు చేతులా పట్టుకుంది. ఎవరూ గొర్రెలా అరవలేదు.

తర్వాత ఇంకో మూడుసార్లు చేయించాం. మూడోసారికి సగంమంది ముందు నుంచి, సగంమంది వెనక నుంచి నిమిషంలోపు బయటికొచ్చారు. ప్రతి సోమవారం పని మొదలుపెట్టే ముందు ఒకసారి ఇలా చేయిస్తానని సుధాకర్ అన్నాడు. తాళాన్ని ఏం చెయ్యాలో తోచక చాలాసేపు చేతిలోనే పట్టుకుని తిరిగాడు.

పన్నెండు కొట్టకముందే పెంచలమ్మ గోనెపట్టా మడిచింది. గడ్డపార తీసి నా చేతిలో పెట్టింది. "సాయంత్రం దాకా డ్రైవరు దగ్గర పెట్టు సారూ. నువ్వు ఇన్నేండ్లు ఇదే ఉద్యోగం చేసినావంట గదా. ఎన్ని షెడ్లలో ఇట్టా పరిగెత్తించినావు?"

"ఒక్కదాంట్లో కూడా లేదు" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "సరేలే, ఇప్పుడు తెలిసింది గదా" అని క్యారేజీ తీసుకుని లోపలికి వెళ్ళి, ఎడమ జేబులు కుట్టడానికి కూర్చుంది. గడ్డపార పట్టుకుని ఆ నీడలో ఒక్కణ్ణీ నిలబడితే నాకు చచ్చేంత సిగ్గేసింది.

కాకినాడ

గరిటెలు బాగున్నాయి. పెనాన్ని గీరడం లేదు. దుర్గం ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు, కింద నుంచి బాగుందని చెబుతున్నాను.

పోయిన ఆదివారం నా పాత డైరీలు దించి, నేను సంతకం పెట్టిన షెడ్లలో ఇంటి నుంచి వెళ్ళిరాగలిగినవి ఒక కాగితం మీద రాసుకున్నాను. భారతి భుజం మీదుగా చూసి, "మీకిప్పుడు అధికారం లేదుగా, లోపలికి రానిస్తారా?" అంది.

"లోపలికెందుకు? వెనక నీడ ఉంటుందిగా, కూర్చుందాం" అన్నాను.

"వస్తున్నామని ముందు ఫోను చేస్తారా?"

"చెయ్యను."

ఆమె వంటింట్లోకి వెళ్ళి క్యారేజీ కడిగి బోర్లించింది. మా ఇంట్లో గడ్డపార లేదు. పక్కింటివాళ్ళని అడిగాను.